కెప్టెన్‌ని చేశారు సరే, జట్టు మాట వినట్లేదు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. క్లబ్ బాస్కెట్‌బాల్ జట్టులో పాయింట్ గార్డ్‌గా (బంతి తెచ్చి ఆట నడిపేవాడిగా) ఆడుతున్నాను. నిరుడు మా జట్టులో ఎక్కువ పాయింట్లు నావే. ఈ సీజన్‌కి కోచ్ నన్ను కెప్టెన్‌ని చేశారు. మొదటి క్వార్టర్ బాగానే ఆడతాం. స్కోర్ వెనకబడగానే ఎవరికి వాళ్లు రింగ్ మీదకి దూసుకెళ్లిపోతారు, పాస్ రాదు. డిఫెన్స్‌లో ఎవరూ నోరు విప్పరు. మా సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటివాడు) నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, నిరుటి దాకా ఆయనే కెప్టెన్. నేనేమైనా చెబితే 'ముందు నీ ఆట నువ్వు చూసుకో' అంటాడు. నేను స్వార్థపరుణ్ననిపించుకోకూడదని ఈసారి షాట్లు తగ్గించాను, అయినా మార్పు లేదు. చివరి నిమిషంలో బంతి నా చేతిలో ఉంటే షాట్ వేయాలో, పాస్ ఇవ్వాలో తేలట్లేదు. పైగా నా స్నేహితుడొకడు బెంచి మీద కూర్చుని మొహం మాడ్చుకుంటున్నాడు. నేను గట్టిగా మాట్లాడాలా? లేక నా పని నేను చేసి చూపిస్తే చాలా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నల్లో తేలికైనది చివరిది. ఉపన్యాసాలు అక్కర్లేదు, మౌనంగా ఆదర్శంగా ఉండిపోవడమూ సరిపోదు. బాస్కెట్‌బాల్‌లో కెప్టెన్ మాట రెండు మూడు పదాలకి మించకూడదు, పని జరగబోయే ముందు చెవిన పడాలి. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు స్వార్థం అంటున్నదాన్ని కోర్టు మీద పెట్టి చూడాలి, ఎందుకంటే అక్కడ మీరు రోగాన్ని తప్పుగా గుర్తించి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

వెనకబడ్డ జట్టులో సాధారణంగా జరిగేది ఇది. బంతి ఉన్నవాడు కుడివైపు నుంచి డ్రైవ్ మొదలుపెడతాడు, అంటే డ్రిబుల్ చేస్తూ రింగ్ వైపు దూసుకెళ్తాడు. అదే వైపు కార్నర్‌లో (కోర్టు మూలలో) ఉండాల్సినవాడు సాయం చేద్దామనో, బంతి అడుగుదామనో రెండడుగులు లోపలికి వస్తాడు. వాడు ఒక్కడే రాడు, వాడి డిఫెండర్‌ని కూడా వెంటబెట్టుకొస్తాడు. పెయింట్‌లో, అంటే రింగ్ ముందు రంగు వేసిన చోట, అప్పటికే మీ సెంటర్, ఆయన్ని కాసే ప్రత్యర్థి ఉంటారు. ఇప్పుడు డ్రైవ్ చేసేవాడి ముందు ముగ్గురు ప్రత్యర్థులు. పాస్ ఇద్దామన్నా సొంత మనుషులిద్దరూ చేతికందే దూరంలోనే ఉన్నారు, వాళ్లకిస్తే బంతి పోతుంది. తలవంచుకుని ముగ్గురి మీదుగా షాట్ వేస్తాడు. బయట నిలబడ్డవాడికి అది స్వార్థంలా కనిపిస్తుంది. నిజానికి వాడికి ఇచ్చే చోటే లేకుండా పోయింది.

ఇది మీ జట్టులో ఎంతవరకు నిజమో ఒక్క మ్యాచ్ వీడియోతో తేలుతుంది. ఫోన్‌ని ఎత్తైన చోట, వీలైతే సైడ్‌లైన్ మధ్యకి ఎదురుగా పెట్టి సగం కోర్టు పూర్తిగా కనిపించేలా తీయించండి. స్కోర్ వెనకబడ్డాక వచ్చిన 20 పొజెషన్లు (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక్కో విడత) ఎంచుకుని, డ్రైవ్ మొదలై రెండో డ్రిబుల్ పడే క్షణంలో ఆపండి. రెండే లెక్కలు రాసుకోండి: మన రెండు కార్నర్లలో మనుషులు మూడు పాయింట్ల గీత బయట ఉన్నారా, పెయింట్‌లో ప్రత్యర్థులు ఎంతమంది ఉన్నారు. పక్కపక్కన ఉన్న ఇద్దరి మధ్య నాలుగున్నర మీటర్లు ఉంటే ఒకే డిఫెండర్ ఆ ఇద్దరినీ కాయలేడు. మూడు మీటర్లకి తగ్గితే హాయిగా కాసేస్తాడు. కార్నర్లు నిండి, పెయింట్‌లో ఒక్కడే ఉండి కూడా మీవాడు ఇద్దరి మీద షాట్ వేసిన సందర్భాలు మిగిలితే అవి నిర్ణయంలో తప్పులు. మిగతావన్నీ నిలబడిన చోటులో తప్పులు. రెంటికీ మందు ఒకటి కాదు. చోటు తప్పినవాణ్ని స్వార్థపరుడని తిడితే వాడు ఇంకా లోపలికొస్తాడు, ఎందుకంటే తను సాయం చేస్తున్నాననే వాడి నమ్మకం.

చోటు సరిచేయడానికి జట్టుకి ఒకే నియమం ఇవ్వండి: బంతి పెయింట్ వైపు వస్తుంటే కార్నర్‌లో ఉన్నవాడు కదలడు, పెయింట్ దగ్గరున్న పొడుగాటి ఆటగాడు బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) వెంబడి ఎదురు వైపుకి జారుకుంటాడు, వెనక వింగ్‌లో (మూడు పాయింట్ల గీత పక్కభాగంలో) ఉన్నవాడు డ్రైవర్ వదిలేసిన ఖాళీలోకి పైకి వస్తాడు. మూడు పనులు, అంతే. ఇంతకంటే ఎక్కువ చెబితే మూడో క్వార్టర్ అలసటలో ఎవరికీ గుర్తుండవు.

నిర్ణయానికి వేరే సాధన కావాలి. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్‌కి ఒకప్పటి కోచ్ గ్రెగ్ పాపవిచ్ జట్లలో బాగా వినిపించిన మాట 'పాయింట్ ఫైవ్', అంటే బంతి అందిన అర సెకనులో షాట్, డ్రైవ్, పాస్‌లలో ఏదో ఒకటి తేల్చేయాలి. బంతిని పట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే ఆ రెండు సెకన్లలో డిఫెన్స్ మళ్లీ సర్దుకుంటుంది. 2014లో ఆ జట్టు ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ రెగ్యులర్ సీజన్‌లో ఆ జట్టులో ఒక్కరు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు. టిమ్ డంకన్, టోనీ పార్కర్, మను జినోబిలి లాంటివాళ్లు ఉన్న జట్టు అది.

మీ ప్రాక్టీస్‌లో దీన్ని ఇలా పెట్టమని కోచ్‌ని అడగండి. సగం కోర్టులో నలుగురు, నలుగురు. 14 సెకన్ల గడియారం. బంతి అందుకున్న ప్రతిసారీ రెండు డ్రిబుల్స్‌కి మించకూడదు. మామూలు బాస్కెట్‌కి ఒక పాయింట్. బంతి పెయింట్‌లోకి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి, ఆ తర్వాత పడిన షాట్‌కి మూడు. ముందు తొమ్మిది చేరినవాళ్లు గెలిచినట్టు. మొత్తం 12 నిమిషాలు చాలు. చాలామంది కోచ్‌లు దీని బదులు 'షాట్‌కి ముందు ఐదు పాస్‌లు' అని పెడతారు. అది పనికిరాని నియమం. ఆటగాళ్లు బయట గీత చుట్టూ బంతిని తిప్పుతూ లెక్క పూర్తి చేస్తారు, డిఫెన్స్ ఒక్క అడుగు కూడా కదలదు. బంతి లోపలికి వెళ్తేనే డిఫెండర్లు ముడుచుకుంటారు. వాళ్లు ముడుచుకున్నాకే బయటికొచ్చే పాస్‌కి విలువ.

ఇక మీ షాట్లు. తగ్గించడం పొరపాటు. కెప్టెన్ అయిన స్కోరర్లలో ఇది తరచూ కనిపిస్తుంది: మంచివాడు అనిపించుకోవాలని ఖాళీగా దొరికిన షాట్ కూడా వదిలేసి పాస్ ఇస్తారు. రెండు మ్యాచ్‌లలోనే ప్రత్యర్థులకి సంగతి అర్థమవుతుంది. మిమ్మల్ని కాసే డిఫెండర్ మీ మీదకి రావడం మానేసి పెయింట్‌లో ఒక కాలు పెట్టి నిలబడతాడు. అంటే మీరు త్యాగం అనుకున్నది మీ జట్టు ఖాళీని ఇంకా తగ్గించింది. అందులోనూ పాయింట్ గార్డ్ మీద గౌరవం పోతే పిక్ అండ్ రోల్ (మీ డిఫెండర్‌కి మీవాడొకడు ఒంటితో అడ్డుగా నిలబడి, అంటే స్క్రీన్ పెట్టి, తర్వాత రింగ్ వైపు కదిలే ఆట) మొత్తం చచ్చిపోతుంది, డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి, అంటే దాని వెనక రింగ్ వైపు నుంచి, తాపీగా వెళ్లిపోతాడు. కాళ్లు కుదురుగా ఉన్నాయి, మీ పరిధిలోనే ఉన్నారు, డిఫెండర్ చేయి మీ మొహం దగ్గర లేదు: ఈ మూడూ ఉంటే షాట్ వేయండి. లేకపోతే వెంటనే బంతి వదలండి. నిరుటి కంటే షాట్ల సంఖ్య తగ్గితే తగ్గనివ్వండి, ఖాళీ షాట్ వదిలేయడం వల్ల మాత్రం తగ్గకూడదు.

డిఫెన్స్‌లో మాట గురించి. నోరు విప్పమని అరిస్తే ఎవరూ విప్పరు, ఏం మాట్లాడాలో వాళ్లకి తెలియదు కాబట్టి. మాటలు నిర్ణయించి ఇవ్వాలి, అందరికీ అవే ఉండాలి. బంతి మీద ఉన్నవాడు 'బాల్, బాల్' అంటాడు. ఒక పాస్ దూరంలో ఉన్నవాడు 'హెల్ప్ లెఫ్ట్' లేదా 'హెల్ప్ రైట్' అంటాడు. స్క్రీన్ పెట్టేవాడి డిఫెండర్ 'స్క్రీన్ రైట్, స్క్రీన్ రైట్' అని రెండుసార్లు చెప్పి, వెంటనే ఏం చేయాలో చెబుతాడు: 'స్విచ్' అయితే మనిషి మార్పు, 'డ్రాప్' అయితే తను వెనక్కి తగ్గి రింగ్ కాస్తాడు. షాట్ గాల్లోకి లేవగానే ఐదుగురూ 'షాట్' అనాలి, అనగానే తన మనిషి ఎక్కడున్నాడో వెతికి ఒంటితో అడ్డుకోవాలి.

ఇందులో ఎక్కువగా చెడేది సమయం. స్క్రీన్ పెట్టే మనిషి ఇంకా రెండడుగుల దూరంలో ఉండగా మాట రావాలి. అప్పుడు గార్డ్ భుజం తిప్పి, కాలు ముందుకేసి స్క్రీన్ పైనుంచి, అంటే బంతి ఉన్నవాడి వెంటే, దూరే వీలుంటుంది. ఛాతీ తగిలాక 'స్క్రీన్!' అనడం సమాచారం కాదు, ఫిర్యాదు. ఆ తర్వాత గార్డ్ వెనక్కి తిరిగి 'ముందే చెప్పొచ్చుగా' అంటాడు, ఈలోగా అవతలివాడు షాట్ వేసేసి ఉంటాడు. మీ జట్టులో గొడవలు సగం ఇక్కడే పుడుతున్నాయని నా అనుమానం.

సాధనకి షెల్ డ్రిల్ చాలు. నలుగురు డిఫెన్స్, నలుగురు బయట నిలబడి బంతి తిప్పుతారు. ఒక్క పాస్‌కి ఒక్కరు మాట్లాడకపోయినా ఆట ఆగి మొదటికొస్తుంది. 24 సెకన్లు మాట తప్పకుండా కాస్తే డిఫెన్స్‌కి ఒక పాయింట్. మొదటి రోజు ఒక్క పాయింట్ రావడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టండి. మూడు నిమిషాలు పూర్తి మౌనంగా ఆడించి, తర్వాత మూడు నిమిషాలు మాటలతో ఆడించి, రెండు సార్లూ ఎన్ని బాస్కెట్లు పడ్డాయో బోర్డు మీద రాయండి. ఆ తేడా చూశాక మాట్లాడమని బతిమాలాల్సిన పని చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడే మీ సెంటర్ దగ్గరికి రావాలి. ఆయనతో మీ సమస్యని మీరు మర్యాద సమస్యగా చూస్తున్నారు. కాస్త కోర్టు సమస్యగా చూడండి. సెంటర్ రింగ్‌కి దగ్గరగా, అందరికీ వెనకాల ఉంటాడు. పదిమందినీ ఒకేసారి చూడగలిగేది ఆయనొక్కడే. మీరు బంతి మీద ఉంటారు కాబట్టి మీ వెనక వచ్చే స్క్రీన్ మీకు కనిపించదు. అంటే డిఫెన్స్‌లో మీరు వినేవారు, ఆయన చెప్పేవాడు. బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు, చివరి రెండూ ఆటగాడిగా, కోచ్‌గా రెండు పనులూ చేస్తూనే. కెరీర్ సగటు 15.1 పాయింట్లు మాత్రమే. ఆయన జట్టుని నడిపింది రీబౌండ్లతో, రింగ్ దగ్గర కాపలాతో.

ఆయన్ని విడిగా, ప్రాక్టీస్‌కి పది నిమిషాలు ముందు కలవండి. అందరి ముందూ వద్దు, మ్యాచ్ ఓడిన రోజు అసలే వద్దు. 'అన్నా, మనం కలిసి పనిచేయాలి' లాంటి మాటలతో మొదలుపెట్టకండి, ఆయన వాటిని చాలా విని ఉంటాడు. వీడియోలో మూడు ముక్కలు చూపించండి, మూడింట్లోనూ దెబ్బ తిన్నది మీరే అయి ఉండాలి. 'అన్నా, ఈ మూడుసార్లూ స్క్రీన్ నాకు కనపళ్లేదు. నువ్వు ముందే అరిస్తే నేను పైనుంచి దూరగలను. డిఫెన్స్‌లో పిలుపు నీదే ఉండనీ. స్విచ్చా, డ్రాపా నువ్వే తేల్చు, మేం నలుగురం అదే చేస్తాం.' ఇది ముఖస్తుతి కాదు, ఆ చోటుకి ఉన్న అసలు పనే. ముందుగా కోచ్‌కి చెప్పి ఒప్పించండి, లేకపోతే ఆయన 'స్విచ్' అంటే బెంచి నుంచి కోచ్ 'డ్రాప్' అంటారు, మీ ప్రయత్నం ఆ క్షణంలోనే పోతుంది. ఇంకో సంగతి: ఆయన తప్పు పిలుపు ఇచ్చినా ఆ పొజెషన్‌లో అందరూ అదే పాటించాలి. ఐదుగురూ కలిసి తప్పు చేస్తే సర్దుకోవచ్చు, ముగ్గురు ఒకటి, ఇద్దరు ఇంకొకటి చేస్తే నేరుగా లేఅప్ (రింగ్ దగ్గర్నుంచి సులువైన బాస్కెట్).

'ముందు నీ ఆట చూసుకో' అని ఆయన మళ్లీ అంటే వాదించకండి. అందులో నిజం ఉందేమో చూడండి. ఓడిపోతున్నప్పుడు బంతి పోయాక మీరు వెనక్కి ఎలా పరుగెత్తుతున్నారు? మొదటి మూడడుగులు వీడియోలో చూడండి. చేతులు చాచి రిఫరీ వైపు తిరిగితే ఆ రెండు సెకన్లూ మీ జట్టు నలుగురితో ఐదుగురిని కాస్తోంది. జట్టులో అందరూ కెప్టెన్ తప్పు చేశాక ఏం చేస్తాడో చూస్తారు, ఏం చెబుతాడో తర్వాత వింటారు.

రిఫరీల విషయం వచ్చింది కాబట్టి: ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల ప్రకారం రిఫరీతో మాట్లాడే హక్కు కోర్టులో కెప్టెన్‌కి ఉంది, కానీ వివరం తెలుసుకోవడానికి మాత్రమే, మర్యాదగా, బంతి డెడ్ అయి గడియారం ఆగి ఉన్నప్పుడే. 'అది ఫౌల్ ఎలా అవుతుంది?' అనడం వాదన. 'సర్, చేతికి తగిలిందా, ఒంటికి తగిలిందా?' అనడం వివరం. రెండో దానికి జవాబు వస్తుంది, దాన్ని మీవాడికి చెబితే వాడు తర్వాతిసారి చేయి కిందికి దించుకుంటాడు. టెక్నికల్ ఫౌల్ పడితే అవతలివాళ్లకి ఒక ఫ్రీ త్రో ఉచితంగా ఇచ్చినట్టు, ఒకే ఆటగాడికి రెండు పడితే బయటికి పోవాల్సిందే. జట్టులో ఇంకెవరైనా రిఫరీ మీదకి వెళ్తుంటే మధ్యలో దూరి వాణ్ని పక్కకి తీసుకెళ్లడం మీ పని. టీవీలో ఎన్‌బీఏ చూసి అలవాటైన ఆటగాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు, ఇరుక్కోగానే రిఫరీకి టైమ్ ఔట్ సైగ చేస్తారు. ఫిబా ఆటలో టైమ్ ఔట్ అడగాల్సింది కోచ్ లేదా మొదటి సహాయ కోచ్, ఆటగాడు కాదు. మీరు చూడాల్సింది బెంచి వైపు.

టైమ్ ఔట్ 60 సెకన్లు. అందులో మాట్లాడేది కోచ్. మీకు మిగిలేది కోర్టులోకి తిరిగొచ్చే దారిలో పది సెకన్లు. అందులో మూడే చెప్పండి: మన టీమ్ ఫౌల్స్ (ఆ క్వార్టర్‌లో జట్టంతా కలిపి చేసినవి) ఎన్ని, ఎవరు ఎవర్ని కాస్తున్నారు, మొదటి ప్లే ఏది. నాలుగు టీమ్ ఫౌల్స్ అయిపోయాయని తెలియక మీవాడు సగం కోర్టు దగ్గర అనవసరంగా చెయ్యేస్తే ఆ క్వార్టర్‌లో ఐదోది నుంచి ప్రతిదానికీ రెండు ఫ్రీ త్రోలు. ఓటముల్లో ఇలా పోయిన పాయింట్లని ఒకసారి లెక్కవేయండి, ఆశ్చర్యపోతారు. ఫ్రీ త్రో వేసే ముందు దొరికే విరామంలో కూడా ఐదుగుర్నీ ఒకచోటికి పిలవండి, భుజం తట్టండి. ఇది ఉత్తి సెంటిమెంట్ కాదు. ఎన్‌బీఏ ఆటగాళ్లు ఒకరినొకరు తట్టుకోవడాన్ని, చేతులు కలపడాన్ని లెక్కపెట్టిన ఒక పరిశోధన 2010లో వచ్చింది. సీజన్ మొదట్లో అవి ఎక్కువగా ఉన్న జట్లే తర్వాత బాగా ఆడాయని తేలింది. తట్టడం వల్లే గెలిచారని దానర్థం కాదు. కానీ తప్పు చేసినవాడి దగ్గరికి ఎవరో ఒకరు నడిచి వెళ్లే జట్టులో, వాడు తర్వాతి షాట్ భయపడకుండా వేస్తాడు.

చివరి షాట్. తేలట్లేదు అన్నారు. ఆ నిర్ణయం చివరి ఐదు సెకన్లలో తీసుకునేదైతే ఎవరికీ తేలదు. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో షికాగో, యూటా 86-86తో సమంగా ఉన్నాయి. మైకేల్ జోర్డాన్ అప్పటికే ఆ రాత్రి జట్టుని మోసినవాడు, అందరూ షాట్ అతనిదే అనుకున్నారు. టైమ్ ఔట్‌లోనే అతను స్టీవ్ కెర్‌కి సిద్ధంగా ఉండమని చెప్పాడు. జాన్ స్టాక్టన్ తన మనిషిని వదిలి జోర్డాన్ మీదకి రాగానే బంతి కెర్ చేతికి వెళ్లింది, ఐదు సెకన్లు ఉండగా షాట్ పడింది. షికాగో 90-86తో గెలిచి టైటిల్ ఎత్తింది. ఇక్కడ గమనించాల్సింది ఉదారత కాదు. సాయానికి ఎవడొస్తాడో, వాడు వదిలేసే మనిషి ఎవడో ముందే ఊహించి, ఆ మనిషికి ముందే చెప్పి ఉంచడం.

మీరు చేయాల్సిందీ అదే. షాట్ గడియారం (షాట్ వేయడానికి గడువు చూపేది) ఆగిపోయి చివరి పొజెషన్ మీదే అయితే, స్కోర్ సమంగా ఉన్నా, ఒకటి వెనకబడ్డా, దాడి ఏడెనిమిది సెకన్లు ఉండగా మొదలుపెట్టండి. మూడు సెకన్ల దాకా డ్రిబుల్ చేస్తూ నిలబడితే పాస్ ఇచ్చే వ్యవధి ఉండదు, తప్పిన షాట్‌ని రీబౌండ్ చేసి మళ్లీ వేసే వ్యవధీ ఉండదు. ఒక్కడే ఎదురుగా ఉంటే షాట్ మీది. రెండోవాడు వస్తే బంతి వదలండి, వాడు ఏ వైపు నుంచి వచ్చాడో ఆ వైపుకే. పాస్ అందుకున్నవాడు తప్పితే? తప్పనివ్వండి. తర్వాతి మ్యాచ్‌లో అదే పరిస్థితిలో అతనికే ఇవ్వండి. ఒకసారి తప్పినవాడికి రెండోసారి ఇవ్వకపోతే, కార్నర్‌లో నిలబడ్డవాళ్లు చేతులు సిద్ధంగా పెట్టుకోవడం మానేస్తారు. ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు బరువెక్కాక, ఎనిమిది సెకన్ల గడియారం పెట్టి ఈ పరిస్థితిని ఆరుసార్లు ఆడండి. డిఫెన్స్ కొన్నిసార్లు ఇద్దర్ని పంపాలి, కొన్నిసార్లు పంపకూడదు, ముందే చెప్పకూడదు.

మీ స్నేహితుడి సంగతిలో ఒక హద్దు గుర్తుంచుకోండి: ఎవరికి ఎన్ని నిమిషాలన్నది కోచ్ నిర్ణయం. 'నేను మాట్లాడతాలే' అని మాట ఇవ్వకండి. ఇస్తే కోచ్ దగ్గర మీ విలువ, అతని దగ్గర మీ మాట రెండూ పోతాయి. అతనే వెళ్లి 'నేను ఆడాలంటే ఏ రెండు పనులు బాగుచేసుకోవాలి?' అని అడిగేలా చూడండి. 'నన్నెందుకు ఆడించట్లేదు?' అని మొదలుపెడితే కోచ్ సమర్థించుకుంటారు, అంతకుమించి ఏమీ రాదు. బెంచి మీద ఉన్నంతసేపూ అతనికి పని ఉండాలి: తను దిగితే ఎవర్ని కాయాలి, ఆ మనిషి ఏ చేత్తో డ్రైవ్ చేస్తున్నాడు, టీమ్ ఫౌల్స్ ఎన్ని. ఈ మూడూ తెలియకుండా దిగిన సబ్‌స్టిట్యూట్ మొదటి నిమిషంలోనే బాస్కెట్ ఇచ్చేస్తాడు, మళ్లీ బెంచికి వస్తాడు, మొహం ఇంకా మాడుతుంది. బెంచి నుంచి రావడం చిన్నతనమని అతను అనుకుంటే జినోబిలి పేరు చెప్పండి. 2004 ఒలింపిక్ స్వర్ణం గెలిచిన అర్జెంటీనా జట్టు హీరో, స్పర్స్‌తో నాలుగు టైటిళ్లు, అయినా కెరీర్‌లో ఎక్కువ భాగం బెంచి నుంచే వచ్చాడు. ఆండ్రే ఇగుడాలా 2015లో రెగ్యులర్ సీజన్ అంతా బెంచి నుంచి ఆడి, ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో మొదటిసారి స్టార్టింగ్‌లోకి వచ్చి, ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు.

ఆ స్నేహితుడికే ఇంకో పని అప్పగించవచ్చు. స్కోర్‌షీట్‌లో పాయింట్లు, ఫౌల్స్ ఉంటాయి, అందుకే అందరూ పాయింట్ల కోసం ఆడతారు. వేరే కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: చేతితో తగిలి దారి మళ్లించిన పాస్‌లు, బాస్కెట్‌కి దారి చేసిన స్క్రీన్లు, అసిస్ట్‌కి (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌కి) ముందు ఇచ్చిన పాస్, నేల మీద దొరకబుచ్చుకున్న బంతులు. ఎన్‌బీఏ కూడా 2016 నుంచి ఇలాంటివి లెక్కపెట్టి ప్రకటిస్తోంది. ఒక జాగ్రత్త: దారి మళ్లించిన పాస్‌లని మాత్రమే పొగిడితే ఆటగాళ్లు చోటు వదిలి బంతి మీదకి దూకడం మొదలుపెడతారు, వెనక ఖాళీ అయిపోతుంది. అందుకని 'ఎవరు ఎన్నిసార్లు దాటించుకున్నారు' అన్న గడి కూడా పక్కనే ఉండాలి.

పోటీ తత్వం గురించి మీరు అడగలేదు, కానీ 'స్కోర్ వెనకబడగానే' అన్న మాట దాని గురించే. ప్రాక్టీస్‌లో ఎప్పుడూ మొదటి ఐదుగురూ ఒకే జట్టుగా ఆడుతుంటే వాళ్లు ఎప్పుడూ వెనకబడరు. వెనకబడ్డప్పుడు ఏం చేయాలో మ్యాచ్‌లో మొదటిసారి నేర్చుకుంటారు. వారంలో రెండుసార్లైనా స్టార్టర్లని 8 పాయింట్లు వెనక, నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నట్టు పెట్టి ఆడించమనండి. 8 పాయింట్లంటే వాళ్లు అనుకున్నంత పెద్ద కొండ కాదు. మూడుసార్లు వరసగా ఆపి, మూడు మంచి షాట్లు వేస్తే దగ్గరికొచ్చేస్తారు. ఒక్కో పొజెషన్‌లో ఎనిమిదీ కొట్టేద్దామని చూసినప్పుడే 14 అవుతుంది. ఓడినవాళ్లకి శిక్ష చిన్నదిగా ఉండాలి, రెండు స్ప్రింట్లు చాలు. పదిహేను పెడితే శ్వాస దాచుకోవడానికి ముందు నుంచే నెమ్మదిగా ఆడతారు. ప్రాక్టీస్‌లో ఫౌల్ ఉందా లేదా అన్నది కోచ్ ఒక్కరే చెప్పాలి, ఆటగాళ్లు వాదించుకుంటే సగం సమయం అందులోనే పోతుంది.

ఓడిన రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో సమావేశాలు పెట్టకండి. ఆ వేడిలో వచ్చే మాటలు ఆట గురించి ఉండవు, మనుషుల గురించి ఉంటాయి. మర్నాడు కోచ్‌తో కలిసి ఎనిమిది వీడియో ముక్కలు ఎంచండి, మొదటి రెండూ మీ తప్పులవి. ఎవరితోనైనా తప్పు గురించి మాట్లాడాల్సి వస్తే చూసినదే చెప్పండి: 'మూడో క్వార్టర్‌లో రెండుసార్లు నీ మనిషి ఒంటరిగా లేఅప్ వేశాడు, నువ్వు సగం కోర్టు దగ్గర నడుస్తున్నావు.' 'నీకు జట్టు అంటే లెక్కలేదు' అన్నది చూసినది కాదు, మీ తీర్పు. మొదటిదానికి అతను జవాబు చెప్పగలడు. రెండోదానికి పోట్లాడటం తప్ప చేయగలిగింది లేదు.

వీటన్నింటినీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. మొదటి రెండు వారాలు కార్నర్లు, డిఫెన్స్ పిలుపులు, మీ సెంటర్‌తో ఆ పది నిమిషాల మాట, అంతే. నాలుగు వారాల తర్వాత మళ్లీ అలాగే 20 పొజెషన్ల వీడియో తీసి, పాత లెక్క పక్కన కొత్త లెక్క రాయండి. కార్నర్లు నిండి, పిలుపులు వినిపిస్తూ, అప్పటికీ ఒకరిద్దరు ఇద్దరి మీదుగానే షాట్లు వేస్తుంటే ఆ కాగితం పట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్లండి. అక్కణ్నుంచి అది కెప్టెన్ పని కాదు, ఎవర్ని ఆడించాలో తేల్చే కోచ్ పని.